నూనె పెట్టిన రోజు సత్తెమ్మ అడిగిన మాట

ఆసుపత్రి పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలకు నా పని సంగతులు చెప్పమని మా డాక్టరమ్మగారు అడిగారు. నాకు చదువు లేదు. సంతకం చేయడం నేర్చుకున్నాను గాని, చేస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అందుకని నేను చెబుతుంటే మా క్రైస్తవ సంఘం పంతులుగారి కోడలు రాస్తోంది. మాట మోటుగా ఉన్నా దిద్దవద్దని ముందే చెప్పాను. ఎన్ని పురుళ్ళు పోశాను, ఎవరు మెచ్చుకుని చీర పెట్టారు, ఆయాగా ఎప్పుడు తీసుకున్నారు అనేవి చెప్పను. వాటి వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నాకు ఒళ్ళు జలదరించిన సంగతి ఒకటి ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. అది చెబుతాను.

పని నేర్చుకున్న వైనం

మా ఆయన జ్వరంతో పోయేనాటికి నాకు పిల్లలు లేరు. మా అత్త మంత్రసాని. కొల్లేటి లంకల్లో ఎవరికి నొప్పులు వచ్చినా దోనె పంపించేవారు. మా ఆయన పోయిన నెల తిరక్కుండానే ఆవిడ నా రెక్క పట్టుకుని, "ఏడుస్తూ కూర్చుంటే ఎవరూ కూడు పెట్టరు, లే" అని దోనె ఎక్కించింది. అలా నేర్చుకున్నాను. ఆవిడ పోయాక ఏలూరు ఆసుపత్రిలో చేరాను. కత్తెర ఉడికించడం, గోళ్ళు తీయడం, చేతులు మోచేతి దాకా కడగడం అక్కడ నేర్పారు. అవన్నీ మంచివే. మా అత్త రోజుల్లో బొడ్డు వాచి పసిపిల్లలు పోయేవారు, ఇప్పుడు బతుకుతున్నారు. అది నా కళ్ళతో చూశాను.

ఆసుపత్రిలో నేర్పనిది కూడా ఒకటి చెబుతాను. మాకు ఒక పెద్ద నర్సమ్మగారు ఉండేవారు. పనిలో ఆవిడ చేయి బంగారం. నోరు మాత్రం కొరడా. నొప్పులు పడుతున్న మనిషి అరిస్తే, "కడుపు తెచ్చుకున్నప్పుడు తెలియలేదా? నోరుముయ్" అనేవారు. ఒకసారి నల్లజర్ల వైపు నుంచి వచ్చిన పిల్ల ఆ తిట్లకు జడిసి, కాన్పు అయ్యాక రక్తం కారిపోతున్నా చెప్పకుండా పడుకుంది. దుప్పటి తీసి చూసేసరికి పరుపంతా తడిసిపోయింది. ఆ పిల్ల దక్కింది గాని, చాలా కష్టం మీద దక్కింది. "చెప్పలేదేమమ్మా?" అంటే, "మళ్ళీ తిడతారేమోనండీ" అంది. భయపడిన మనిషి నోరు విప్పదు. నోరు విప్పని మనిషికి వైద్యం చేయడం ఎవరి తరమూ కాదు. ఇది ఒంటికే అనుకున్నాను అప్పుడు. మనసుకు కూడా ఇదేనని తర్వాత తెలిసింది.

పెళ్ళికొడుకుని చేసిన రోజు

మా లంకల్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళికొడుకుని చేసేటప్పుడు, అతనికి పురుడు పోసిన మంత్రసాని బతికి ఉంటే ఆమెను పిలిపించి, తొలి నూనె ఆమెతో పెట్టిస్తారు. ఆమె మాడు మీద నూనె అంటి, "నా చేతుల్లో పడ్డ మగబిడ్డ పెళ్ళికొడుకయ్యాడు" అని నలుగురికీ వినబడేలా అనాలి. ఆ తర్వాతే ముత్తయిదువలు ముట్టుకుంటారు. విధవ ఎదురొస్తే ప్రయాణం మానుకునే వాళ్ళు కూడా ఆ ఒక్క పనికి నన్ను పీట పక్కన నిలబెట్టేవారు. మేము సంఘంలో కలిశాక కూడా నన్ను పిలవడం మానలేదు.

నూకమ్మ రెండో కొడుకు సత్తెయ్య పెళ్ళికి అలాగే కబురు వచ్చింది. నూకమ్మ భర్త లేడు. పెద్దకొడుకు గంగరాజుదే పెత్తనం. వలలూ దోనే అతని చేతిలోనే ఉండేవి. పెళ్ళికూతురిది తాడేపల్లిగూడెం అవతల ఊరు. నేను డాక్టరమ్మగారిని సెలవు అడిగి వెళ్ళాను.

సత్తెయ్యను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. వేటకు వెళ్ళేవాడు కాదు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని తుంగ చాపలు అల్లేవాడు. అంచు అంత తీరుగా అల్లడం లంకలో ఎవరికీ చేతకాదు. మాట మెత్తన. ఇంత ఎత్తు ఎదిగిన మనిషి ఆ రోజు పీట మీద గువ్వలా ముడుచుకుని కూర్చున్నాడు. నూనె తీసుకుని తల మీద చేయి పెట్టాను. జుట్టు ఎలుకలు కొరికినట్టు కత్తిరించి ఉంది. మాడు మీద పక్కులు కట్టిన గాట్లు. భుజాలకు రుద్దబోతే తాటి మోకు ఒరుసుకున్న చారలు. చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా వణుకుతోంది. చెవి వెనక నూనె రాయడానికి వంగాను. అప్పుడు చెప్పిందది, పెదవి కదిలీ కదలకుండా.

"అత్తా, ఆ మాట అనకు."

"ఏ మాటరా?"

"మగబిడ్డ అని. నేను సత్తెమ్మనత్తా. ఊహ తెలిసినప్పటి నుంచీ సత్తెమ్మనే. నువ్వు పుట్టించినదానివి, నువ్వంటే వింటారు. ఆడపిల్లనని చెప్పు. చెప్పకపోతే నేనుండను."

నా చేయి అక్కడే ఆగిపోయింది. పుట్టిన రోజు నేను చూసింది నాకు గుర్తుంది. చేతుల్లో పట్టుకుని చూశాను. అందులో పొరపాటు లేదు. ఇప్పుడు ఈ మనిషి కళ్ళల్లోకి చూస్తే అక్కడా అబద్ధం లేదు. రెండూ ఎలా నిజమవుతాయి? నా బుర్ర పనిచేయలేదు. ఎన్నో కాన్పులు చూసినదాన్ని, పిల్ల అడ్డం తిరిగితే బెదరని దాన్ని, ఆ పీట పక్కన నూనె గిన్నె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను.

"ఏంటి దానమ్మత్తా, పాఠం మర్చిపోయావా? ముసలితనం వచ్చేసిందా?" అని గంగరాజు అరిచాడు. అందరూ నవ్వారు.

"నా చేతుల్లో పడ్డ బిడ్డ..." అన్నాను. 'మగ' అనే మాట నోటికి రాలేదు. ఆ పైన కూడా ఏమీ రాలేదు. డప్పులు మోగాయి. ఎవరూ పట్టించుకోలేదు. నూకమ్మ ఒక్కతే నా వంక చూసింది, చూసి తల తిప్పేసుకుంది.

అదే మధ్యాహ్నం, అందరూ భోజనాల బంతిలో కూర్చున్నాక, నీళ్ళ వైపు నుంచి కేకలు వినిపించాయి. కొల్లేట్లో దూకిన సత్తెమ్మను వల విసురుతున్న ఇద్దరు మనుషులు చూసి, పట్టి దోనెలోకి లాగారట. పసుపు బట్టలతోనే ఒడ్డున పడేశారు. నేను బోర్లా తిప్పి, నొక్కి, నీళ్ళు కక్కించాను. ఊపిరి అందాక ఆమె కళ్ళు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. బతికించినందుకు నన్ను అంత కోపంగా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

"కాలు జారింది," అని గంగరాజు వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాడు.

రాస్తున్న పిల్ల ఇక్కడ ఆగి, "ఆమె అని రాయమంటారా, అతను అని రాయమంటారా?" అని అడుగుతోంది. ఆమె అనే రాయమన్నాను. మీరూ అలాగే చదవండి.

మగవార్డు

ఏలూరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. మగవార్డులో మంచం ఇచ్చారు. నా పని ఆడవార్డులో. మూడు వరండాల అవతల ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. తెల్లారి వెళ్ళి చూస్తే ఆమె మంచం చుట్టూ జనం. రోగుల చుట్టాలు, గాడిదలు కాసుకునేవాడు, వీధిలో టీ అమ్మేవాడు. రాత్రి మగతలో 'నేను ఆడపిల్లను, సత్తెమ్మను' అని కలవరించిందట, అది విని వార్డులో ఊడ్చేవాడు అందరినీ పిలుచుకొచ్చాడు. ఒకడు దుప్పటి ఎత్తి చూస్తున్నాడు.

"ఏవండీ పెళ్ళికొడుకుగారూ, మెట్టెలు తెమ్మంటారా? నల్లపూసలు కూడా కావాలాండీ?"

"ఆడంగి వేషాలేస్తే కొల్లేరు కూడా ఒద్దంది, చూశారా!"

ఎంత మర్యాదగా 'అండీ' కలిపి అంటున్నారో వినండి. మా వైపు మనుషులు తిట్టినా మెత్తగా తిడతారని పేరు. ఆ మెత్తదనం ఎంత లోతుగా దిగుతుందో ఆ రోజు చూశాను. నేను చీపురు తిరగేసి అందరినీ తరిమాను. వార్డులో పడుకున్న రోగులు కూడా నవ్వుతున్నారు. కాలు తీసేసిన వాడు ఒకడు, మంచం మీద లేచి కూర్చుని మరీ నవ్వుతున్నాడు. ఆ మనిషికి నవ్వు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు నుంచి సత్తెమ్మ మాట ఆగిపోయింది.

డాక్టరమ్మగారు గంగరాజును, నన్ను పిలిచారు. గంగరాజు చేతులు కట్టుకుని, "దయ్యం పట్టిందండీ. ముహూర్తం మళ్ళీ పెట్టించుకున్నామండీ. లేపి మాకు ఇచ్చేయండి చాలు," అన్నాడు.

డాక్టరమ్మగారు నా వైపు తిరిగారు. "నువ్వేనట పురుడు పోసింది. పుట్టుకలో ఏదైనా తేడా ఉందా?"

"లేదండీ. మగబిడ్డేనండీ."

"మరి?"

"మరి ఏంటో నాకూ తెలియదండీ. ఆ మాట అంటే చచ్చిపోతానని నూనె పెట్టేటప్పుడు చెప్పిందండీ."

"చెప్పింది అంటావేం?"

"నోట్లోంచి అలా వచ్చేసిందండీ."

గంగరాజు నన్ను నమిలేసేలా చూశాడు.

వెనక గది

మా డాక్టరమ్మగారి గురించి నిజం చెప్పాలి. ఆవిడ మంచిది. ఆ జనం గోల చూసి ఆవిడకు కోపం వచ్చింది. ధనుర్వాతం వచ్చిన వాళ్ళను చీకట్లో, చప్పుడు లేకుండా ఉంచే గది ఒకటి ఆసుపత్రి వెనక ఉంది. సత్తెమ్మను అందులోకి మార్పించారు. ఎవరూ తొంగి చూడకుండా తలుపుకు తాళం వేయించారు. దయతోనే చేశారు. నాకూ అప్పుడు మంచిదే అనిపించింది.

అన్నం తీసుకెళ్ళే పని నాకు అప్పగించారు; పూటపూటకీ తాళంచెవి ఇచ్చి మళ్ళీ తీసుకునేవారు. తాళం తీసిన చప్పుడు కాగానే ఆమె గోడ మూలకు జరిగి, రెండు చేతులతో తల కప్పుకునేది. దెబ్బ పడుతుందని ఎదురుచూసే వాళ్ళు అలా కప్పుకుంటారు. రోజులు గడిచేకొద్దీ అన్నం ముట్టడం మానేసింది. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. ముంజేతుల మీద గోళ్ళతో గీరుకున్న గీతలు, పాతవాటి మీద కొత్తవి. నీళ్ళల్లోంచి తీసినప్పుడు కూడా ఆ మనిషి అంత పాడుగా లేదు. మేము కాపాడుతున్నామనుకుంటూ ఆమెను ఒంటరిగా దాని చేతికి అప్పగించాం. దాని పేరేంటో నాకు తెలియదు. మనిషిని లోపల నుంచి తినేసేది అది.

ఒకరోజు డాక్టరమ్మగారు అన్నారు: "ఇలాగే తిండి మాని మాట మాని ఉంటే నేను ఉంచుకోలేను దానమ్మా. పిచ్చాసుపత్రికి పంపిస్తాను. అక్కడ మగవాళ్ళ వైపు ఉంచుతారు. నాకు వేరే దారి కనబడటం లేదు."

నేను గిన్నె పట్టుకుని వెళ్ళి, సత్తెమ్మ ముందు చతికిలబడి బతిమాలాను. "నాలుగు మెతుకులు తిను తల్లీ. ఒక్క మాట మాట్లాడు. లేకపోతే పిచ్చాసుపత్రికి పంపిస్తారట. బాగైతే ఇంటికి తీసుకెళ్ళడానికి మీ అన్న కాచుకుని ఉన్నాడు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. చూసి, గిన్నెను మెల్లగా, చప్పుడు కాకుండా, గోడ వైపు నెట్టేసింది.

అప్పుడు నా మీద పిడుగు పడ్డట్టయింది. బాగైతే పెళ్ళి పీట. బాగవకపోతే పిచ్చాసుపత్రి. ఆ మనిషికి మతి పోలేదు. మా అందరికంటే బాగా ఆలోచిస్తోంది. రెండు తలుపులూ మేమే మూసి, "మాట్లాడవేం?" అని అడుగుతున్నాం. ఏం మాట్లాడాలి? ఏ మాట మాట్లాడితే ఏ తలుపు తెరుచుకుంటుంది?

తాడేపల్లిగూడెంలో విన్నది

రంగమ్మ అని ఒకామె మా ఆసుపత్రికి కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చేది. సంతలో ఎవడో సరదాకు కాగిన నూనె పోశాడట. తాడేపల్లిగూడెం స్టేషను వెనక గుడిసెలో తనలాంటి వాళ్ళు నలుగురైదుగురితో ఉండేది. జనం వాళ్ళను కొజ్జాలు అంటారు, వాళ్ళు వింటుండగానే అంటారు. కట్టు కట్టేటప్పుడు నాతో కబుర్లు చెప్పేది. ఆమెను అడుగుదామని రైలెక్కాను.

నన్ను చూసి రంగమ్మ చాప వేసింది. "ఏంటి దానమ్మగారూ, మా ఇంట్లో పురుడొచ్చిందని ఎవరైనా చెప్పారా?" అంది. గుడిసెలో అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత సత్తెమ్మ సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నీకెప్పుడైనా అలా చచ్చిపోవాలని అనిపించిందా?" అని అడిగాను.

"ఎప్పుడైనా ఏంటండీ. అనిపించని రోజు చెప్పమంటే ఆలోచించాలి." తమలపాకు తుంచుతూ గుడిసెలో ఉన్న వాళ్ళను చూపించింది. "ఇదిగో ఇది బావిలోంచి తీసిందే. ఆ మూలన ఉన్నది రైలు పట్టాల మీద నుంచి లాగిందే. దాని పక్క చాప ఖాళీగా ఉంది చూశారా, అక్కడ పడుకునేదాన్ని లాగడానికి ఎవరూ లేకపోయారు. నేనా? నేనే తిరిగొచ్చాను. ఆకలేసి."

నేను ఒక్కరి సంగతి అడగడానికి వెళ్ళాను. ఆ గుడిసెలో చావు అంచు దాకా వెళ్ళిరాని మనిషి ఒక్కరూ లేరు.

"మీకు పిచ్చి అంటారు మా డాక్టర్లు," అన్నాను.

"అంటే అననివ్వండి. మీరు చెప్పండి. పొద్దున లేచిన దగ్గర నుంచీ వీధి వీధంతా మిమ్మల్ని చూసి నవ్వితే, పిల్లలు రాళ్ళేస్తే, పోలీసులు ఊరికే పట్టుకెళ్ళి గుండు కొట్టిస్తే, మీకు నిద్ర పడుతుందా? నాకు పట్టదు. తలుపు చప్పుడైతే గుండె దడదడలాడుతుంది. ఒళ్ళంతా చెమట. ఒక్కోసారి నెల నెలంతా లేవబుద్ధి కాదు. నేను పుట్టింది ఇలాగ. ఈ దడ మాత్రం పుట్టుకతో రాలేదండీ. ఇది మీ వాళ్ళందరూ కలిసి పెట్టింది."

'మీ వాళ్ళు' అన్నప్పుడు నా వైపు వేలు చూపలేదు. అయినా నాకు తగిలింది.

"పోనీ దాన్ని నువ్వు తీసుకెళ్తావా?" అన్నాను.

"ఎక్కడికీ దిక్కులేకపోతే తీసుకుంటాను. కాని నా దగ్గరికొస్తే చావదని మాటివ్వను. మా బతుకు చూశారుగా. మమ్మల్ని అందరినీ ఎవరో ఒకరు గెంటేస్తేనే ఇక్కడికొచ్చి పడ్డాం. దానికి అమ్మ ఉందన్నారుగా? ముందు ఆవిడని అడగండి." ఆకు మడుస్తూ, "ఇప్పుడు ఎక్కడుంచారు దాన్ని?" అంది.

చెప్పాను.

"తాళమా!" రంగమ్మ చేతిలోని ఆకు కింద పడింది. "ఒంటరిగా? ఓరి దేవుడా, మీరు ఇక్కడేం చేస్తున్నారండీ? ముందెళ్ళి ఆ తాళం తీయించండి!"

వంటల పాక

తిరిగొచ్చి డాక్టరమ్మగారికి చెప్పాను. మొదట కసిరారు. "ఎవరెవరి సలహాలో తెచ్చి నాకు చెబుతావా?" అన్నారు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆవిడ కలం పక్కన పెట్టారు. "నేను చదివిన పుస్తకాల్లో దీని గురించి రెండు ముక్కలే ఉన్నాయి దానమ్మా. ఆ రెండు ముక్కల్లోనూ జబ్బు అనే ఉంది," అన్నారు. నడుముకున్న తాళంచెవి తీసి ఇచ్చేశారు. నేను చూసిన పెద్దల్లో తెలియదని ఒప్పుకున్న వాళ్ళు తక్కువ. ఆవిడ దగ్గర అన్నేళ్ళు పనిచేయడానికి నాకు అది చాలు.

రోగుల చుట్టాలు వండుకునే పాక ఒకటి వెనక ఉండేది. పొగ, గోల, పసిపిల్లల ఏడుపు, ఆడవాళ్ళ పోట్లాటలు. సత్తెమ్మను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాను. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని దూరం జరిగారు. కోడలి కాన్పుకు వచ్చిన ముసలమ్మ ఒకతె మాత్రం జరగలేదు. ఆవిడకు చూపు సరిగా ఆనదు.

"ఎవరే నువ్వు? ఊరికే కూర్చున్నావేం? చేతులు లేవా? ఇదిగో ఈ బియ్యంలో మట్టిగడ్డలు ఏరు," అని చేట ఒళ్ళోకి తోసింది.

సత్తెమ్మ ఏరింది. వంచిన తల ఎత్తకుండా అంతా ఏరింది. ఆ ముసలమ్మ వండి పెట్టిన అన్నం తింది. మాట మాత్రం లేదు. అయినా ఆ సాయంత్రం ఆమె చేతుల మీద కొత్త గీతలు లేవు. మీరు పనిలో చేరాక మందులు చాలా నేర్పిస్తారు. నేర్చుకోండి. నలుగురిలో కూర్చోబెట్టి చేతికి ఒక పని ఇవ్వడం కూడా నేర్చుకోండి. ఇంకొకటి, రోగిని చూడటానికి వచ్చిన వాళ్ళంతా చుట్టాలే అనుకోకండి. కొందరు వేడుక చూడటానికి వస్తారు. వాళ్ళను తరమడం కూడా నర్సు పనే.

నూకమ్మ

దోనె కట్టించుకుని లంకకు వెళ్ళాను. నూకమ్మ వాకిట్లో చేపలు ఎండేస్తోంది.

"నీకు తెలుసా?" అన్నాను.

ఆమె చేపలు తిరగేస్తూనే ఉంది. "ఏడో ఏటనే తెలుసు. నా పాత చీర ముక్క చుట్టుకుని, బొట్టు పెట్టుకుని, నీళ్ళలో మొహం చూసుకుంటోంది. ఎంత బాగుందనుకున్నావు దానమ్మా. ఆ తర్వాత కొట్టాను."

"ఆ మోకు చారలు?"

"మంత్రగాడు కట్టమన్నాడు. నేనే కట్టాను."

"జుట్టు?"

"నేనే. పెళ్ళైతే కుదురుకుంటుందని పెద్దోడన్నాడు. నేనూ అనుకున్నాను."

నేను ఆమె చేతుల వైపు చూడలేకపోయాను. గంగరాజు చేశాడనుకున్నాను. పరాయివాళ్ళు చేశారనుకున్నాను. ఎంత బాగుందని అన్న నోటితోనే, పెళ్ళైతే కుదురుకుంటుందని కూడా అంటోంది. ఆమె రాక్షసి కాదు. సత్తెమ్మ పుట్టినప్పుడు మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డను ఒళ్ళో వేయగానే నా కాళ్ళు పట్టుకున్న మనిషి. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

"బాగైతే పెళ్ళి పీట మీదికి, బాగవకపోతే పిచ్చాసుపత్రికి," అన్నాను. "మాట మానేసింది. నీ బిడ్డకు మూడో దారి నువ్వు చూపిస్తావో, మళ్ళీ ఆ నీళ్ళే చూపిస్తాయో తేల్చుకో."

నూకమ్మ చేయి కడుక్కుంది. ఎండేసిన చేపలను అలాగే కాకులకు వదిలేసి, వచ్చి దోనెలో కూర్చుంది.

మేము ఏలూరు చేరేసరికి గంగరాజు మాకంటే ముందే ఆసుపత్రిలో ఉన్నాడు. సత్తెమ్మ అన్నం తింటోందని ఎవరో చెప్పినట్టున్నారు. వంటల పాక ముందు నిలబడి డాక్టరమ్మగారితో వాదిస్తున్నాడు.

"తింటున్నాడు, కూర్చుంటున్నాడు, ఇంక జబ్బేముందండీ? కాలవలో దోనె కాచుకుని ఉంది. ఎల్లుండి ముహూర్తం. పంపించేయండి."

"నువ్వు అన్నవే గాని, తల్లి ఉండగా నేను నీకు అప్పగించను," అన్నారు డాక్టరమ్మగారు. "అదిగో, తల్లి వచ్చింది. ఆవిడ చెప్పాలి."

గంగరాజు తిరిగి చూసి, "చెప్పమ్మా, తీసుకెళ్తామని చెప్పు," అన్నాడు.

పాకలో గరిటెల చప్పుడు ఆగింది. సత్తెమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని, రాయిలా కూర్చుని ఉంది. తల కప్పుకోవడానికి చేతులు అప్పుడే సగం లేచాయి. నూకమ్మ ఆ చేతులను చూసింది. ఆ పాక గుంజ గట్టిగా పట్టుకుంది.

"నువ్వు దోనె తీసుకుని పో పెద్దోడా," అంది.

"నువ్వు రావా?"

"రాను. నేనూ నా కూతురూ బస్సులో నల్లజర్ల పోతాం. మా చెల్లెలింటికి. చెల్లెలు తప్ప అక్కడ దీన్ని మగపిల్లాడిగా ఎరిగినవాళ్ళు లేరు. పొగాకు కోతలున్నాయి. ఇద్దరం పనికిపోతాం."

"కూతురేంటే! నీక్కూడా పట్టిందా?" గంగరాజు గొంతు పగిలిపోయింది. "పెళ్ళివాళ్ళకి ఏం చెప్పను? ఆ పిల్ల తండ్రికి ఏం చెప్పను నేను?"

"వాళ్ళ పిల్ల అదృష్టవంతురాలని చెప్పు."

డాక్టరమ్మగారు నా వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూశాను. గంగరాజు కాసేపు అమ్మనీ, చెల్లెలినీ మార్చి మార్చి చూసి, కండువా దులుపుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. నూకమ్మ వంగి సత్తెమ్మ ఎదురుగా కూర్చుంది. ముట్టుకోలేదు. ముట్టుకునే ధైర్యం ఆమెకు లేదు. ఆ చేతులు ఏం చేశాయో ఇద్దరికీ తెలుసు.

"రామ్మా సత్తెమ్మా," అంది. "పోదాం."

అప్పుడు ఆ పాకలోంచి ఒక గొంతు వినిపించింది. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, బొంగురుపోయి, మొదటి అక్షరం సరిగా పలకలేదు. ఎవరిదా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

"అమ్మా," అంది సత్తెమ్మ, "బస్సులో నాకు కళ్ళు తిరుగుతాయి."

"తిరిగితే నా ఒళ్ళో పడుకుందువుగాని," అంది నూకమ్మ.